విదేశంలో చదువుకుంటూ మీ వంట మీరే చేసుకోవడం ఎలా?

అమెరికాలో ఆగస్టు నెలాఖరుకు, బ్రిటన్‌లో సెప్టెంబరుకు, జర్మనీలో అక్టోబరుకు తరగతులు మొదలవుతాయి. అందువల్ల ఏటా మే నెల వచ్చేసరికి హైదరాబాద్‌లో వీసా పనులు ఒకవైపు నడుస్తుండగానే, మరోవైపు విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు: తినడానికి ఏమేమి సర్దుకోవాలి, ఎన్ని కిలోలు సర్దుకోవాలి? పచ్చళ్ళూ పొడులూ ఎన్ని తీసుకువెళ్ళినా కొద్ది నెలల్లో అయిపోతాయి. చదువు మాత్రం ఏడాదో రెండేళ్ళో సాగుతుంది. అన్నాళ్ళూ కడుపు నింపేవి ఎవరి సహాయమూ లేకుండా చేయగలిగిన అయిదారు వంటలు, వారానికి రెండుసార్లు మాత్రమే వండుకునే ఒక పద్ధతి. ఆ రెండింటినీ ఎలా అలవాటు చేసుకోవాలో, ఇక్కడ ఉన్నప్పటి నుంచి అక్కడ మొదటి నెల ముగిసే వరకు వరుసగా చెబుతున్నాను.

రోజూ వండుకుందామని నిశ్చయించుకుని వెళ్ళినవారిలో చాలామంది మొదటి అసైన్‌మెంట్ల వారం రాగానే వంట మానేసి నూడుల్స్‌కూ బయటి తిండికీ అలవాటు పడతారు. రోజూ వండడం చదువుతో పాటు నడిచే పని కాదని ముందే ఒప్పుకుంటే మిగతా ఏర్పాటంతా సులువవుతుంది.

కావలసినవి

ఇక్కడి నుంచి తీసుకువెళ్ళవలసినవి:
- 3 లీటర్ల కుక్కర్ ఒకటి. అడుగు భాగం ఇండక్షన్ మీద కూడా పనిచేసేదై ఉండాలి. దానితో పాటు అదే కంపెనీ రబ్బరు గ్యాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వ్ ఒకటి విడిగా తీసుకోండి. అక్కడ మీ మోడల్‌కు సరిపోయేవి దొరకడం కష్టం.
- అడుగు చదునుగా ఉన్న మూకుడు ఒకటి, పోపు గరిటె ఒకటి, పోపు డబ్బా ఒకటి.
- కొలత చెంచాల సెట్టు, మీ ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసు.
- ఒక చిన్న నోటు పుస్తకం.

అక్కడ కొనుక్కోవలసినవి: ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్, మూత గట్టిగా పట్టే గాజు డబ్బాలు పది పన్నెండు, ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటరు, పెన్నుతో రాసి అంటించుకునే టేపు.

గిన్నెలకు బేగంబజార్ వెళ్ళినప్పుడు స్టీలు సామాను మొత్తం కొనాలనిపిస్తుంది. పైన చెప్పిన వాటికి మించి కొనవద్దు. చదువు ముగించి వెళ్ళిపోయే సీనియర్లు గిన్నెలను తక్కువ ధరకో ఉచితంగానో ఇచ్చి వెళుతుంటారు.

1. బయలుదేరడానికి కనీసం మూడు వారాల ముందు నుంచి ఇంట్లో మీరే వండండి

మొదట నేర్చుకోవలసినవి అన్నం, ముద్దపప్పు, ఏదైనా ఆకుకూర పప్పు, టమాటా చారు, ఒక వేపుడు, ఒక ఇగురు, పాలు తోడు పెట్టడం. మాంసాహారులైతే కోడిగుడ్డు పులుసు, చికెన్ కూర చేర్చుకోండి. బిర్యానీ, గుత్తివంకాయ వంటివి తర్వాత నేర్చుకోవచ్చు. వారం మధ్యలో రాత్రి తొమ్మిదింటికి గ్రంథాలయం నుంచి వచ్చినవారికి అక్కరకు వచ్చేది పప్పూ చారే.

వంటను గ్యాస్ పొయ్యి మీద కాకుండా ఇండక్షన్ పొయ్యి మీద అభ్యాసం చేయండి. ఇంట్లో లేకపోతే ఈ మూడు వారాలకు తెలిసినవారి దగ్గర అడిగి తెచ్చుకోండి. విద్యార్థులు ఉండే వసతులలో ఎక్కువగా కనిపించేవి విద్యుత్ పొయ్యిలే. మంటను కంటితో చూసి తగ్గించే అలవాటు ఉన్న చేతికి అంకెలు చూసి వేడి సర్దడం కొత్తగా ఉంటుంది.

అమ్మ వంట చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూస్తే వంట రాదు. ఆమె ఉప్పు చేత్తో తీసి వేయబోయే ముందు, దాన్ని కొలత చెంచాలో పోయించి, ఎన్ని చెంచాలయిందో నోటు పుస్తకంలో రాసుకోండి. కారం, పసుపు, చింతపండు, నీళ్ళు అన్నీ ఇలాగే రాసుకోవాలి. మరుసటి రోజు ఆ కొలతలతో మీరొక్కరే వండాలి. కూరగాయలు కొని తేవడం దగ్గర నుంచి గిన్నెలు తోమి గట్టు తుడవడం దాకా మొత్తం పనికి ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి. తల్లిదండ్రులకు ఒక మనవి: ఆ గంటన్నరసేపు మీరు వంటింట్లోకి రాకండి. ఉప్పు ఎక్కువైన పప్పు ఇక్కడ ఒకసారి తినిపిస్తేనే అక్కడ ఆ పొరపాటు జరగదు.

2. అక్కడి వంటిల్లు ఎలాంటిదో ముందే తెలుసుకోండి

మీరు చేరబోయే ఇంట్లో లేదా హాస్టల్‌లో ఉన్న సీనియర్‌ను నాలుగు సంగతులు అడగండి: పొయ్యి కాయిల్‌దా, గాజు పలకదా, ఇండక్షనా, గ్యాసా? పొయ్యి పైన ఉన్న ఫ్యాన్ పొగను ఆరుబయటకు పంపుతుందా, లేక వడగట్టి మళ్ళీ గదిలోకే వదులుతుందా? వంటిల్లు ఎంతమంది వాడతారు? ఫ్రిజ్‌లో మీకు ఎన్ని అరలు దక్కుతాయి?

ఇండక్షన్ అయితే అల్యూమినియం గిన్నెలు దాని మీద వేడెక్కవు. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతాన్ని గిన్నె అడుగున పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే ఆ గిన్నె పనిచేస్తుంది. గాజు పలక పొయ్యి అయితే బరువైన ఇనుప పెనాన్ని దాని మీద ఈడ్చకూడదు. గీతలు పడతాయి, బరువు పడితే పగులుతుంది కూడా.

కరెంటు విషయంలో ఏటా చాలామంది నష్టపోతున్నారు. మన దగ్గర విద్యుత్ 230 వోల్టులు, అమెరికాలో 120 వోల్టులు. ఇక్కడ కొన్న మిక్సీ అక్కడ సరిగా తిరగదు. ఇక్కడి రైస్ కుక్కర్‌ను అక్కడ తగిలిస్తే వేడి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది, బియ్యం నాని ఊరుకుంటాయి. ప్లగ్ అడాప్టర్ కేవలం కాళ్ళ ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. బ్రిటన్‌లోనూ జర్మనీలోనూ 230 వోల్టులే కనుక అక్కడ అడాప్టర్‌తో మన మిక్సీ పనిచేస్తుంది. కాకపోతే రెండు దేశాల ప్లగ్గులు వేరు వేరు. కొనే ముందు వస్తువు అడుగున ఉన్న పట్టీ మీద రాసిన వోల్టులు చదవండి. ‘100-240’ అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది.

3. పెట్టెలో ఏవి పెట్టాలి, ఏవి పెట్టకూడదు

సాధారణంగా ఒక్కో పెట్టెకు 23 కిలోల పరిమితి ఉంటుంది. పెట్టెలు ఎన్ని అన్నది మీ టికెట్టు మీద చూసుకోండి. తిండి సామానుకు మొత్తం మీద ఎనిమిది కిలోలు దాటనివ్వవద్దని నా సలహా. అందులో కందిపొడి, కరివేపాకు పొడి, సాంబారు పొడి, మీ ఇంట్లో వాడే కారం, ఇంగువ, ఆవకాయ, గోంగూర ఉంటే చాలు. పప్పులూ రవ్వలూ అక్కడి భారతీయ దుకాణాలలో దొరుకుతాయి.

ఇక్కడ కొన్ని నిబంధనలు తప్పక గుర్తుంచుకోవాలి.

అమెరికాకు బియ్యం తీసుకువెళ్ళకూడదు. ధాన్యాన్ని పాడుచేసే ఖాప్రా పురుగు ఉన్న దేశాల జాబితాలో భారతదేశం ఉండటమే కారణం. పచ్చి కరివేపాకు, పండ్లు, కూరగాయలు, మాంసం, మాంసం పచ్చళ్ళు కూడా వద్దు. బ్రిటన్‌కూ యూరప్ దేశాలకూ మాంసంతో పాటు పాల పదార్థాలు కూడా నిషిద్ధం. కనుక నెయ్యి, కోవా బిళ్ళలు, పాలతో చేసిన మిఠాయిలు పెట్టవద్దు. ఆస్ట్రేలియా నిబంధనలు వీటన్నిటి కంటే కఠినమైనవి. తిండి వస్తువు దాచినట్లు తేలితే విద్యార్థి వీసాను రద్దు చేసే అధికారం కూడా అక్కడి వారికి ఉంది.

విమానం దిగిన తర్వాత ఇచ్చే ప్రకటనలో తిండి పదార్థాలు ఉన్నాయని రాయండి, అడిగితే చెప్పండి. చెప్పిన వస్తువు కూడనిదైతే తీసి పారేస్తారు, అంతటితో సరి. చెప్పకుండా దొరికితే జరిమానా పడుతుంది. ఇంట్లో కొట్టిన పొడి ఏమిటో అధికారికి అర్థం కాదు కనుక, ప్రతి పొట్లం మీద దాని పేరూ అందులోని దినుసులూ ఆంగ్లంలో రాసి అంటించండి.

శంషాబాద్‌లో సామాను ఇచ్చేటప్పుడే ఆపివేసేవి కూడా కొన్ని ఉన్నాయి. ఎండుకొబ్బరి త్వరగా అంటుకునే గుణం ఉన్నందున 2022 నుంచి దాన్ని లగేజీలో అనుమతించడం లేదు. హారతి కర్పూరం, అగ్గిపెట్టెలు కూడా అంతే. పచ్చళ్ళూ నెయ్యీ చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీ దగ్గర తీసివేస్తారు.

పచ్చడి కట్టే పద్ధతి: గాజు సీసాలు వద్దు. పచ్చళ్ళ దుకాణాలలో గాలి తీసేసి మందపాటి కవరులో మూస్తారు. ఇంటి పచ్చడి అయితే పైకి తేలిన నూనె కొంత తగ్గించి, అలాంటి కవరులోనే మూయించి, మరో కవరులో పెట్టి, దాన్ని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, డబ్బా చుట్టూ పాత తువ్వాలు చుట్టండి. సర్దడానికి ముందు ఆ కవరును ఒక రాత్రంతా కాగితం మీద పెట్టి, పైన పుస్తకాల బరువు ఉంచండి. తెల్లవారి కాగితం మీద నూనె మరక లేకపోతే పెట్టెలో పెట్టవచ్చు.

4. దిగిన మొదటి మూడు రోజులు వంట పెట్టుకోకండి

నిద్ర వేళలు తారుమారై, సామాను విప్పక, బ్యాంకు ఖాతా తెరవవలసి, కాలేజీలో పేరు నమోదు చేయించుకోవలసి ఉన్న రోజులవి. ఉప్మా రవ్వ, అటుకులు, పులిహోర పేస్టు ఒక్కో పొట్లం పై అరలోనే పెట్టుకోండి. పెరుగు, రొట్టె, అరటిపళ్ళు దగ్గరలో ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. నాలుగో రోజు స్థిమితపడి కిరాణా తెచ్చుకోవచ్చు.

మొదటి కిరాణాలో 20 పౌన్ల సోనామసూరి బస్తా, అంటే దాదాపు 9 కిలోలు, ఒకరికి చాలా వారాలు వస్తుంది. భారతీయ దుకాణం దూరమైతే దొరికిన వాటితో సర్దుకోవడం తెలిసి ఉండాలి. సోనామసూరికి బదులు జాస్మిన్ బియ్యం వాడవచ్చు. నీళ్ళు కొంచెం తగ్గించండి. కందిపప్పు దొరకని చోట మామూలు దుకాణాలలో దొరికే పసుపుపచ్చ బఠాణీ పప్పుతో ముద్దపప్పు చేయవచ్చు. నానబెట్టే సమయం పెంచాలి. మామిడికాయ పప్పు తినాలనిపిస్తే అమెరికాలో శీతాకాలం ముందు వచ్చే క్రాన్‌బెర్రీలను వేయండి. ఆ పులుపు పప్పుకు బాగా సరిపోతుంది, పచ్చడి కూడా చక్కగా వస్తుంది. బ్రిటన్, జర్మనీలలో వసంతంలో వచ్చే రూబార్బ్ కాడలు కూడా ఇలాగే పనికి వస్తాయి. రూబార్బ్ ఆకులు మాత్రం విషం. కాడలు తప్ప మరేమీ వాడకూడదు. గోంగూర చాలా భారతీయ దుకాణాలలో గడ్డకట్టించిన పొట్లాలుగా దొరుకుతుంది.

ధర చూసేటప్పుడు పొట్లం మీది అంకెను కాక, అర మీద చిన్న అక్షరాలతో రాసిన కిలో ధరను లేదా పౌను ధరను పోల్చండి.

5. పొయ్యి, పొగ, పోపు

విద్యార్థులు వంట మీద విసుగు చెందడానికి ముఖ్య కారణం పొగ అలారం. ఎండుమిరపకాయలు వేగిన ఘాటుకు అది మోగితే, కొన్ని హాస్టళ్ళలో భవనమంతా ఖాళీ చేయించి అగ్నిమాపక సిబ్బందిని పిలుస్తారు. ఖర్చు విద్యార్థి మీద పడవచ్చు. అలారానికి కవరు కట్టడం, బ్యాటరీ తీయడం ఎప్పుడూ చేయకండి. అది అద్దె ఒప్పందానికి విరుద్ధం. అంతకంటే ముఖ్యంగా, ఆ గదిలో రాత్రి నిద్రపోయేది మీరే.

పోపు ఇలా పెట్టండి:
- పొయ్యి వెలిగించక ముందే ఫ్యాన్ వేసి, కిటికీ తీసి, పడకగది తలుపు మూయండి. బయట చలి ఎంత ఉన్నా ఆ పది నిమిషాలు కిటికీ తెరిచే ఉండాలి.
- వేడిని సగానికి మించనివ్వకండి. నూనె నుంచి పొగ రాక ముందే ఒక ఆవగింజ వేసి చూడండి. అది చిటపటలాడితే చాలు.
- ఆవాలు చిటపటలాడాక మినప్పప్పు, జీలకర్ర, చివరగా ఎండుమిరపకాయలు వేసి, వెంటనే పోపు గరిటెను పొయ్యి మీద నుంచి దించండి. మిగిలిన వేడికే మిరపకాయ వేగుతుంది.
- మూత చేతికి అందేంత దూరంలో ఉండాలి. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి, గిన్నెను ఎత్తుకుని పరుగెత్తకండి. మూత పెట్టి, పొయ్యి ఆపి, చల్లారే వరకు మూత తీయకుండా ఉంచండి.

కాయిల్ పొయ్యి ఆపిన తర్వాత కూడా చాలాసేపు వేడిగానే ఉంటుంది. గ్యాస్ మీద మూడు విజిళ్ళకు ఆపే కుక్కర్‌ను ఇక్కడ ఆపి అక్కడే వదిలేస్తే లోపల ఉడుకుతూనే ఉండి పప్పు అడుగంటుతుంది. మూడో విజిల్ రాగానే కుక్కర్‌ను జాగ్రత్తగా చల్లగా ఉన్న పక్క పొయ్యి మీదకు జరపండి. ఆవిరి తనంతట తాను దిగే వరకు మూత జోలికి పోవద్దు.

బోరు నీళ్ళలో పప్పు సరిగా ఉడకదని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. లండన్‌లో కుళాయి నీళ్ళు కూడా అలాంటివే. అలాంటి ఊళ్ళలో పప్పును గంటసేపు నానబెట్టి, రెండు విజిళ్ళు ఎక్కువ రానివ్వండి. చింతపండు రసం మాత్రం పప్పు మెత్తబడిన తర్వాతే పోయాలి. ముందు పోస్తే ఎక్కడైనా పప్పు పలుకుగానే ఉంటుంది.

చలికోట్లను వంటింటికి దూరంగా, తలుపు మూసిన అలమరలో ఉంచండి. పోపు వాసన ఉన్ని బట్టలను పట్టుకుంటే ఉతకకుండా పోదు, కోటును రోజూ ఉతకలేము. మిగిలిన నూనెనూ నెయ్యినీ సింకులో పోయవద్దు. గొట్టంలో గడ్డకట్టి నీళ్ళు ఆగిపోతాయి. ఖాళీ డబ్బాలో పోసి చెత్తలో వేయండి.

6. వారానికి రెండుసార్లు వండండి

ఆదివారం సాయంత్రం వండినది సోమ, మంగళ, బుధవారాలకు. బుధవారం రాత్రి వండినది గురు, శుక్ర, శనివారాలకు. ఒక్కో విడతలో ఒక పప్పు, ఒక చారు లేదా పులుసు, రెండు కూరలు చేయండి. అన్నం మాత్రం ఏ రోజుకారోజు రైస్ కుక్కర్‌లో పెట్టుకోండి. బియ్యం కడిగి మీట నొక్కి మీరు చదువుకుంటుంటే అదే అవుతుంది.

ఈ పద్ధతిలో ఒకే విడతలో రెండు పొయ్యిల మీద పని నడవాలి, కనుక వరుస ముఖ్యం. ముందుగా పప్పు నానబెట్టి, అది నానేలోపు కూరగాయలన్నీ తరిగి పెట్టుకోండి. కుక్కర్ ఒక పొయ్యి మీద ఎక్కించాక రెండో పొయ్యి మీద ఇగురు మొదలుపెట్టండి. చారు చివర. పోపులన్నీ ఒకేసారి పెడితే పొగ ఒక్కసారితో పోతుంది: పెద్ద పోపు గరిటెలో వేయించి పప్పులో సగం, చారులో సగం పోయండి. మొదటి వారాలలో రెండు గంటలు పడుతుంది; చేయి తిరిగాక గంటన్నరలోపే అయిపోతుంది.

వండిన దానిని నిలవ చేయడంలో అలసత్వం కూడదు. మన ఇళ్ళలో ఏ పూటకాపూట వండుకుంటాము కనుక ఈ విషయం మనకు ఇంట్లో నేర్పరు.

వండిన పదార్థం రెండు గంటలలోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. కుక్కర్‌తో సహా వేడి పప్పును ఫ్రిజ్‌లో పెడితే మధ్య భాగం గంటల తరబడి వెచ్చగా ఉండి పాడవుతుంది. రెండంగుళాల లోతుకు మించని డబ్బాలలో పలచగా సర్ది, మూత తీసి కొంత ఆరనిచ్చి, తర్వాత మూసి లోపల పెట్టండి. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ ఉండాలి. పాత ఫ్రిజ్‌లలో ఇది చాలాసార్లు ఉండదు, అందుకే థర్మామీటరు కొనమన్నాను. ప్రతి డబ్బా మీద టేపు అంటించి, వండిన రోజు రాయండి. నాలుగో రోజు మిగిలినది మొహమాటం లేకుండా పారేయండి.

అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గది వేడిమిలో గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం తయారు చేస్తాయి, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. రాత్రి వండిన అన్నాన్ని గట్టు మీద వదిలేసి పొద్దున పులిహోర కలుపుకునే అలవాటు ఉంటే మానుకోండి. వెంటనే ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నాన్ని మరుసటి రోజుకు తినేయాలి. అంతకంటే ఎక్కువ రోజులు కావాలంటే ఒక్కో పూటకు సరిపడా కవర్లలో గడ్డకట్టించుకోండి.

పరీక్షల వారాలకు మొదటి నెల నుంచే సిద్ధం కావచ్చు. ప్రతి విడతలోనూ ఒక డబ్బా పప్పు, ఒక డబ్బా సాంబారు ఎక్కువ చేసి ఫ్రీజర్‌లో ఉంచండి. బంగాళాదుంప ముక్కలున్న కూరలు గడ్డకట్టి కరిగాక పిండిపిండిగా అవుతాయి. పెరుగు పులుసు విరిగిపోతుంది. రాజ్మా, శనగలు, సాంబారు, చికెన్ కూర చక్కగా నిలుస్తాయి. వేడి చేసేటప్పుడు మధ్యలో ఒకసారి కలిపి, పొగలు కక్కే వరకు వేడి చేయాలి.

7. పెరుగు

చిక్కని పాలను పొగలు వచ్చే వరకు కాచి, వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వేడికి దించండి. సజీవ కల్చర్ ఉందని డబ్బా మీద రాసిన, చక్కెర లేని పెరుగు ఒక చెంచా వేసి బాగా కలపండి. శీతాకాలంలో గట్టు మీద పెడితే రెండు రోజులైనా తోడుకోదు. గిన్నెను ఆపి ఉన్న మైక్రోవేవ్‌లో పెట్టి, పక్కన మరిగిన నీళ్ళ కప్పు ఉంచి తలుపు మూయండి. పడుకోబోయే ముందు నీళ్ళు మార్చండి. ఓవెన్‌లో లైటు వేసి పెట్టడం మరో మార్గం. అయితే కొత్త ఓవెన్లలో ఉండే ఎల్‌ఈడీ దీపం వెచ్చదనం ఇవ్వదు. జర్మనీలో ఎక్కువగా దొరికే, బయట నిలవ ఉండే పాలను కాచనక్కర లేదు. గోరువెచ్చగా చేస్తే చాలు.

దోసె పిండి పులియడానికి కూడా ఇదే ఇబ్బంది. పులియబెట్టే పని లేని పెసరట్టు చలికాలానికి మంచిది.

8. గదిలో ఉన్నవారితో వంతులు

నలుగురు కలిసి ఉంటే ఒక్కొక్కరు వారంలో ఒక విడత వండి, మరొక విడత గిన్నెలు కడిగేలా ఏర్పాటు చేసుకోవచ్చు. వంతులను వారాల పేర్లతో కాక, అందరి తరగతుల సమయపట్టిక ముందు పెట్టుకుని వేయండి. ఎవరు ఏమి తినరో మొదటి రోజే మాట్లాడుకోవాలి: శాకాహారులకు గిన్నెలు వేరుగా ఉండాలా, గుడ్డు ఒకే పెనం మీద వేయవచ్చా, గొడ్డు మాంసం, పంది మాంసం ఫ్రిజ్‌లో పెట్టవచ్చా అన్నవి మొహమాటపడి వదిలేస్తే రెండో నెలలో మనస్పర్థలుగా మారతాయి. ఖర్చులను స్ప్లిట్‌వైజ్ వంటి యాప్‌లో ఏ రోజుకారోజు రాయండి. కలిసి తినే బియ్యం, పప్పు, నూనె ఉమ్మడి ఖర్చు. ఒకరు మాత్రమే తినేది వారి సొంత ఖర్చు.

వంతు ఉన్నవారు వండలేని వారం వస్తే ఫ్రీజర్‌లోని డబ్బాలు తీయండి, తర్వాతి వారం వారు తిరిగి నింపాలి. ఈ ఒక్క నియమం చాలా గొడవలను ఆపుతుంది.

9. కాలేజీకి డబ్బా

మైక్రోవేవ్‌లో స్టీలు డబ్బా పెట్టకూడదు, గాజు డబ్బా వాడండి. చారు తీసుకువెళ్ళవద్దు. పప్పన్నం ఇంట్లోనే కలిపి పెట్టుకుంటే అక్కడ వేడి చేయడం సులువు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మొదటి వారం ఉత్సాహంలో కొత్తిమీర, పాలకూర, పచ్చిమిర్చి నెలకు సరిపడా కొని సగం కుళ్ళబెట్టడం అన్నిటికంటే ఎక్కువగా జరుగుతుంది. ఆకుకూర ఒక విడతకే కొనండి, లేదా గడ్డకట్టించిన పాలకూర వాడండి. పచ్చిమిర్చిని తొడిమలు తీసి, తుడిచి ఫ్రీజర్‌లో ఉంచితే చాలాకాలం నిలుస్తుంది.

ఇంటి కొలతలను నాలుగు రెట్లు చేసి ఉప్పు, కారం కూడా నాలుగు రెట్లు వేయడం మరొకటి. మూడు రెట్లు వేసి, రుచి చూసి, కావాలంటే చేర్చండి. ఎక్కువైన ఉప్పుకు విరుగుడు ఇంకొంచెం పప్పు ఉడికించి కలపడమే.

వండినా తినకపోవడం మూడవది. ఒకే కూర మూడు రోజులు తినలేక బయట తినేస్తారు, డబ్బాలు ఫ్రిజ్‌లో మిగిలిపోతాయి. అందుకే ఒక విడతలో రెండు కూరలు చేయమన్నాను. వాటికి తోడు పొడి, పచ్చడి, అప్పడం మార్చి మార్చి వేసుకుంటే విసుగు రాదు.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

పప్పును చెంచా వెనుక భాగంతో గిన్నె అంచుకు నొక్కితే పలుకు లేకుండా మెదగాలి. అన్నం మెతుకును రెండు వేళ్ళ మధ్య నలిపితే లోపల తెల్లని గింజ తగలకూడదు. పెరుగు గిన్నెను కొద్దిగా వంచితే పెరుగు కదలకూడదు, అంచున పలచని నీరు కనిపిస్తే పరవాలేదు. కోడి మాంసం అతి మందమైన ముక్కను కోస్తే లోపల ఎర్రదనం ఉండకూడదు, కారే రసం తేటగా ఉండాలి; వంట థర్మామీటరు ఉంటే 74 డిగ్రీలు చూపాలి.

నెలాఖరుకు మూడు లెక్కలు చూసుకోండి: బయట ఎన్ని పూటలు తిన్నారు, ఎన్ని డబ్బాలు పారేశారు, మీ బరువు ఎంత తగ్గింది లేదా పెరిగింది. బయట తిన్న పూటలు వారానికి మూడు దాటితే వంటలు పెంచడం కంటే వండే రోజులు మార్చడం మేలు. చాలాసార్లు బుధవారం సాయంత్రం ప్రయోగశాల తరగతి ఉండటమే కారణమై ఉంటుంది. డబ్బాలు ఎక్కువగా పారేస్తుంటే ప్రతి విడతలో ఒక కూర తగ్గించండి. బరువు నెలలో మూడు కిలోలకు మించి తగ్గితే పొద్దున ఏమీ తినకుండా వెళుతున్నారేమో చూసుకుని, ముందు రోజు రాత్రే పెసరపిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, లేదా గుడ్లు ఉడికించి ఉంచుకోండి.

తల్లిదండ్రులు ఫోనులో ‘తిన్నావా?’ అని అడిగితే ఎవరైనా తిన్నాననే చెబుతారు. ‘ఫ్రిజ్‌లో ఏ డబ్బాలు ఉన్నాయి, ఏ రోజువి?’ అని అడగండి. ఆ జవాబు వెంటనే వస్తే పిల్లల తిండి సవ్యంగా నడుస్తున్నట్లే. తడుముకుంటే, ఆ ఆదివారం వీడియో కాల్‌ను వంట మొదలుపెట్టే వేళకు మార్చి, వారు కూరగాయలు తరుగుతుండగా మాట్లాడండి.